మూత తీయనిదే ధర చెప్పని వంశం

కర్దనూర్‌లోని మా షెడ్డుకు ఒకరోజు సముద్రం నుంచి ఒక రోబో వచ్చింది. తీరం వెంట తనంతట తానే మునిగి తేలుతూ, నీటి వేడినీ ఉప్పునూ కొలిచి ఒడ్డుకు కబురు పంపే యంత్రమది. కబురు ఆగిపోయిందని మరమ్మతుకు తెచ్చారు.

తెచ్చినాయన ఖర్చెంతో వెంటనే చెప్పమన్నాడు. మాది మిరపకాయల కొట్టు వంశం. బస్తా విప్పి చూడనిదే ధర చెప్పడం మాకు నామోషీ. రోబోల పనిలోకి వచ్చినా నా బుర్ర మాత్రం కొట్లోనే ఉండిపోయింది. మూత తీయమని మా ఫిట్టర్‌తో అన్నాను. ఆయన కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి.

"వద్దండి సేఠ్‌గారూ. ఉప్పునీరు దిగి బ్యాటరీ పాడైపోయింది. లోపల గ్యాసు పట్టేసుంటది. ముందు ఈ చిన్న స్క్రూ వదులు చేసి ఆ గ్యాసు మెల్లగా తీసెయ్యాలండి. సాయంత్రమైపోద్ది."

"సాయంత్రం దాంక పార్టీ ఉంటడా అన్నా? గోలీసోడాకు గూడ గిట్లనే భయపడ్తవా? తియ్యి జల్దీ."

మూడు బోల్టులు ఊడాయి. నాలుగోది తిప్పుతుండగా బాంబులా పేలింది. స్టీలు మూత అంచు ఆయన కుడికన్నును చీల్చి, పైకప్పు రేకును చించుకుని పోయింది. ఆయన ముఖం పట్టుకుని కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం ధార కట్టింది. నా పెదవికి ఉప్పు తగిలింది. అది సముద్రమో ఆయన రక్తమో తెలియలేదు.

ఆ కన్ను దక్కలేదు. ఆసుపత్రికి వెళ్తే రెండో కంటితో నన్ను చూశాడు.

"మూత తీసి చూశారుగా సేఠ్‌గారూ. ఇప్పుడు చెప్పండి, ఎంతౌద్ది?"