బాపు ఎత్తు బంగారం

మా బాపు ఎత్తు నూట అరవై ఐదు సెంటీమీటర్లు, బరువు ఎనభై నాలుగు కిలోలు. మోకాలి ఆపరేషన్ కోసం కరీంనగర్ తీసుకెళ్తే డాక్టర్ ఈ రెండు అంకెలూ చూసి నిట్టూర్చాడు.

"ఎత్తుల వంద తీసేస్తే ఎంతొస్తదో, సుమారుగ గంత బరువుండాలె పెద్దాయనా. కొంచెం అటీటైనా ఫరక్ పడదు. నువ్వు జర తగ్గి రా, చేద్దాం."

బాపు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. అన్నేళ్లు గనిలో దిగిన మనిషికి ఇప్పుడు ఇంటి మెట్లు దిగడమే గండం. ఆ పూటే అన్నం మానేసి జొన్నరొట్టె మీద పడ్డాడు.

అడ్డుపడింది మా అవ్వ, అంటే అమ్మ. పోయిన వానాకాలం బాపు జ్వరంతో దవాఖానాలో ఉన్నప్పుడు, ఆయన లేచి తిరిగితే ఎత్తు బంగారం ఇస్తానని సమ్మక్క తల్లికి మొక్కుకుంది. మా దగ్గర జాతరలో బంగారమంటే బెల్లం. మనిషిని తరాజులో కూర్చోబెట్టి అంత బరువు బెల్లం తూచి తల్లికి ఇస్తారు.

"మొక్కిననాడు మీ బాపు ఎనభై నాలుగు కిలోలున్నడు. గిప్పుడు తగ్గిచ్చి కూసోబెడితే తల్లిని మోసం చేసినట్టు గాదా? జాతర అయ్యేదాంక తగ్గుడు లేదు."

"అయితే ఎనభై నాలుగు కిలోలు తూచి తెస్తా" అన్నాను.

"మనిషి కూసోకుంట తూచితే గది కిరాణం సామాను, మొక్కు గాదు."

ఇక మా ఇంట్లో వైద్యం ఒకవైపు, భక్తి ఒకవైపు. అవ్వ రొట్టె మడతలో నెయ్యి దాచిపెట్టేది. బాపు అది తెలియనట్టే తినేవాడు. అయినా మనిషి తగ్గుతూనే వచ్చాడు, అవ్వకు దిగులు పెరుగుతూ వచ్చింది.

జాతర నాడు అవ్వ ఆయనకు పాత గని బూట్లు తొడిగి, నెత్తిన బాయి టోపీ పెట్టి, పైన చెద్దరు కప్పింది. గోదారి ఒడ్డున మా ఊరి సమ్మక్క గద్దెల దగ్గర బెల్లం దుకాణం పెట్టిన భాయ్ తేరిపార చూశాడు.

"ఏంది చాచా, డ్యూటీకి పోతున్నవా? అవన్నీ విప్పు. తల్లికి బూట్ల బంగారమెందుకు?"

విప్పక తప్పలేదు. బెల్లం డెబ్బై ఆరు కిలోలు పడగానే తరాజు సమానమైంది. అవ్వ మొహం మాడిపోయింది. వెళ్లి బాపు భుజం మీద చెయ్యేసి గట్టిగా అదిమింది. పళ్లెం కిందికి దిగింది.

"చెయ్యి తియ్ అవ్వా!" అన్నాను.

"ఎందుకు తీస్త? గీ చెయ్యి గూడ ఆయనదే."

భాయ్ నవ్వి ఇంకో బెల్లం ముద్ద వేశాడు. ఎనభై నాలుగయ్యేదాకా అవ్వ చెయ్యి తియ్యలేదు. మొదట నాకూ నవ్వొచ్చింది. తర్వాత బాపు వైపు చూస్తే ఏడుపొచ్చింది, అంత గారాబంగా కూర్చున్నాడు.

మళ్లీ కరీంనగర్ వెళ్లాం. ఈ మాత్రం తగ్గింది చాలని డాక్టర్ ఆపరేషన్‌కు సరేనన్నాడు. అవ్వ ముందుకు జరిగింది.

"ఎత్తుల వంద తీస్తే ఎంతొస్తదంటివి సారూ?"

"అరవై ఐదు."

అవ్వ అక్కడే కళ్లు మూసుకుని చేతులు జోడించింది.

"తల్లీ, ఆపరేషన్ మంచిగైతే నీకు అరవై ఐదు కిలోల బంగారం. మనిషిని గంతకు దెచ్చి కూసోబెట్టే పూచీ నాది."

ఆ సాయంత్రం బాపు రొట్టె మడత విప్పి చాలాసేపు వెతికాడు.