వంతెన మింగని అయ్యవారు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రజలారా, బస్సు డ్రైవర్లారా, సంతాపసభల అధ్యక్షులారా! ఇకపై రాయబోయే పాపిష్టి మాటలకు మీ అందరి పాదాల ముందు సాష్టాంగపడి ముందుగానే క్షమాపణ వేడుకుంటున్నాను. ఈ క్షమాపణలో ఒక్క అక్షరం కూడా మనస్ఫూర్తిగా చెప్పింది కాదని మీరు ఎలాగూ పసిగడతారు.

మాకు ఫస్టు ఫారం నుంచి చరిత్ర చెప్పిన అయ్యవారు పోయిన నెల ఆళ్లగడ్డలో, తమ ఇంట్లో, తమ మంచం మీద, టైఫాయిడుతో పోయారు. మంచం సంగతి ఎందుకు నొక్కి రాస్తున్నానో కాస్త ఓపిక పడితే మీకే తెలుస్తుంది.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వచ్చే దారిలో ఏటి మీద పాత రాతి వంతెన ఉంది. దొరల కాలంలో దాని మూడో స్తంభం ఎన్నిసార్లు కట్టినా నిలబడలేదట. ఎవరింటి చూలాలైన కోడలినో అందులో పెట్టి కట్టేశాక నిలబడిందట. ఇది నంద్యాల వైపు కథ. ఆళ్లగడ్డ వైపుకు వస్తే కోడలు పోయి కవలపిల్లలు వస్తారు. తరగతిలో ఈ సంగతి ఎత్తితే అయ్యవారు ముక్కుపొడుం పీల్చి, "ఏరు దాటేలోపల కాన్పయిందేమిరా?" అనేవారు. మేము పగలబడి నవ్వేవాళ్లం. నవ్వు ఆగాక మెల్లగా అనేవారు: "స్తంభం నిలబడనిది పునాది లోతు ల్యాకరా. లోతుకు తవ్వినాక నిలబడింది. తవ్వినోళ్ల పేర్లు ఎవురికీ తెల్దు. సావని కోడలి కత మాత్రం అందరికీ తెల్సు."

ఏరు పారే రోజుల్లో, వంతెన మళ్లీ ప్రాణం అడగకుండా, ఆ స్తంభం దగ్గర బస్సు ఆపి, పిట్టగోడ మీద కుంకుమ బొట్లు పెట్టిన అరటిపండ్లు ఉంచడం డ్రైవర్ల ఆనవాయితీ. అయ్యవారు బస్సులో ఉంటే చక్కా దిగిపోయి, ఒకటి ఒలుచుకుని తిని, తక్కినవి పిల్లకాయలకు పంచేవారు. "రాయికి ఆకలుండదప్పా, మనకుంటాది" అనేవారు. డ్రైవరు చెంపలేసుకునేవాడు. నా చరిత్ర పాండిత్యంలో సగం ఆ పండ్ల బలమే.

అలాంటి మనిషికి సంతాపసభ పెట్టారు. అధ్యక్షులవారు శాలువా సర్దుకుని, "వంతెన తన చరిత్రకారుణ్ణి తానే పిలుచుకుంది" అని గద్గదస్వరంతో సెలవిచ్చారు. చప్పట్లు! కొత్త ఆంధ్ర రాష్ట్రపు రాజధాని కర్నూలు దాకా వచ్చింది గానీ, బుద్ధి ఇంకా మా తాలూకా దాకా రాలేదు.

మొన్న అయ్యవారి భార్యను నంద్యాలలో కూతురింటికి దిగబెట్టడానికి బస్సెక్కాను. ఆమెను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. ఏరు నిండుగా పారుతోంది. మూడో స్తంభం దగ్గర బస్సు ఆగింది. చూస్తే పిట్టగోడకు పసుపు, బొట్లు, పైన పూలదండ. డ్రైవరు పండ్లతో దిగాడు.

"ఏందన్నా ఇదంతా?" అన్నాను.

"తెల్దా? వంతెన అయ్యోరిని తీసుకున్యాది. ఇంగ మన బస్సులకు భయం ల్యా."

"అయ్యోరు టైఫాయిడుతో పోయినాడన్నా."

"టైఫాయిడు యాడ్నుంచి వచ్చినాది? నీళ్లలోనుంచే గదా! ఆ నీళ్లు యాడివి? ఏటివే గదా! బి.ఏ. చదివినోనివి, ఇది గూడా మేము చెప్పల్నా?"

బస్సు బస్సంతా తలూపింది. డ్రైవరు పండ్లు పెట్టి, కళ్లు మూసుకుని, "అయ్యోరా, మమ్మల్ని కాపాడు సామీ" అని మొక్కాడు. ఆ భక్తి నిజమైనది. అందుకే మరీ రోత పుట్టింది. ఏ కథను ఆయన జీవితమంతా తవ్విపోశారో, అదే కథలో ఆయన్ను పెట్టి కట్టేస్తున్నారు.

కిటికీ పక్కన కూర్చున్న అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నా చేతి జావ తాగి మంచంలోనే పోయినాడు గదరా. వంతెనేంది, తీసుకునేదేంది? అందరూ ఇదే చెప్తాండారు. రేపు నా మనవళ్లకు గూడా ఇదే చెప్తారు. నువ్వన్నా ఏమన్నా చెయ్యి నాయనా."

ఇక నా నేరాంగీకారం. ఉపన్యాసం ఇద్దామంటే వినే చెవి ఒక్కటీ లేదు. పసుపు కడిగే ధైర్యమూ చాలలేదు. దిగి వెళ్లి ఆ పండ్లు తీసుకుని, బస్సంతా చూస్తుండగా ఒకటి ఒలిచి తిన్నాను.

"ఒరేయ్, అది అయ్యోరిదిరా!" అని డ్రైవరు అరిచాడు.

"ఆయనుంటే నాకే ఇచ్చేవాడన్నా" అన్నాను.

ఇంకొకటి కిటికీలోంచి అమ్మకిచ్చాను. ఆమె కుంకుమను కొంగుతో తుడిచి, ఒలిచి, డ్రైవరు వంకే చూస్తూ నిదానంగా తినింది. తొక్క నా చేతిలో పెట్టింది. ఏట్లో వేశాను. అది మూడో స్తంభం దగ్గర ఒక్క సుడి తిరిగి, అవతలికి కొట్టుకుపోయింది.