నరసమ్మ పిన్నీ, జింక వెంట్రుకలూ

జింక తోలు ముక్కల పొట్లం విప్పితే ముందుగా వాసనే పలకరిస్తుంది. ఎండుగడ్డి, తడి గోనె, మేకల పాక, మూడూ కలిసిన వాసన. నిన్న పొద్దున బర్మాలో, తాకేటాలోని మా షెడ్డులో కొత్త పొట్లం విప్పాను. ఆ వాసన తగలగానే తల తిప్పి పక్క బల్ల వైపు చూశాను, నరసమ్మ పిన్ని ఏమంటుందోనని. ఆవిడ పోయిన వానాకాలంలో చనిపోయింది. ఆ సంగతి నా మెడకి ఇంకా తెలియలేదు.

మా పనేమిటో ముందు చెప్పాలి. ఎక్కడో చలిదేశాల సెలయేళ్ళలో సరదాకి చేపలు పట్టే దొరల కోసం మేం దొంగ పురుగులు కడతాం. చిన్న గాలం మీద దారం చుట్టి, దాని మీద ఉన్ని, ఉన్ని మీద కోడి ఈక చుట్టి, పైన జింక వెంట్రుకల కుచ్చు రెక్కలా బిగిస్తే అది కాడిస్ అనే పురుగు అవుతుంది. జింక వెంట్రుక లోపల బోలుగా ఉంటుంది కనుక నీళ్ళ మీద తేలుతుంది. ఆ పురుగును గానీ, దాన్ని మింగే చేపను గానీ మాలో ఎవరూ చూసి ఎరగరు. గోడకి ఆ పురుగు ఫోటో ఒకటి ఉంది, అంతే. పిన్ని పనిలో కూర్చునే ముందు దానివైపు ఒకసారి చూసుకునేది, దండం పెట్టడమొక్కటే తక్కువ.

నేను అక్కడికి వెళ్ళేనాటికి నాకు ముప్ఫై రెండేళ్ళు. నేను కండక్టరుగా తిరిగిన బస్సు మూలన పడింది. ఇంట్లో నా భార్య కుట్టుమిషను మీదే పొయ్యి వెలుగుతోంది. షెడ్డులో అందరూ ఆడవాళ్ళు, సన్నటి వేళ్ళవాళ్ళు. యజమాని ఊ టున్ అరటిపళ్ళలాంటి నా వేళ్ళు చూసి నవ్వేశాడు. చుట్టరికం లేకపోయినా, మా రెండు కుటుంబాలూ గంజాం నుంచి వచ్చినవే కాబట్టి పిన్ని నా తరఫున మాట్లాడి నెల గడువు ఇప్పించింది. నెలాఖరుకి వంద కాడిస్‌లు ఒక్కటి కూడా వంక పెట్టడానికి లేకుండా కట్టాలి. లేకపోతే ఇంటికే.

పని నేర్పడంలో ఆవిడ ఓపిక అంతా వేళ్ళలోనే ఉండేది, నోట్లో ఉండేది కాదు. వెంట్రుకల కుచ్చు కోసి, అడుగున ఉన్న మెత్తటి నూగు దువ్వి పారేసి, కొసలు సమంగా రావడానికి ఇత్తడి గొట్టంలో వేసి బల్ల మీద తట్టాలి. గాలం మీద పెట్టాక రెండు చుట్లు వదులుగా, మూడోది గట్టిగా. అప్పుడు వెంట్రుకలు విచ్చుకుంటాయి. నేను మొదటి చుట్టే బస్సు తలుపు మూసినట్టు లాగేవాడిని. దారం టప్పున తెగేది.

"ఇది బస్సు కాదురా అప్పన్నా. ఎవుడూ దిగిపోడు, నిదానంగా లాగు," అనేది.

పున్నమి రోజుల్లో మా షెడ్డు బర్మా పిల్లలు బజార్లో బతికున్న చేపలు కొని చెరువులో వదిలేవారు, గాలాలు చేసే పాపం పోవాలని. పిన్ని హిందువే అయినా ఎందుకైనా మంచిదని వెంట వెళ్ళేది. ఒకరోజు ఊ టున్ మాటల్లో చెప్పాడు, ఆ దొరలు కూడా చేపని పట్టాక మళ్ళీ నీళ్ళలోనే వదిలేస్తారట. పిన్ని చేతిలో పని ఆగిపోయింది. వదిలేసేదానికి పట్టడమెందుకని మధ్యాహ్నమంతా తనలో తనే గొణుక్కుంది. టీ వేళకి తేల్చేసింది.

"మనం కొని ఒదుల్తన్నాం, ఆళ్ళు పట్టి ఒదుల్తన్నారు. ఆళ్ళదీ పున్నెవే."

ఆ రోజు నుంచి కాడిస్ కట్టడం ఆవిడ లెక్కలో సగం దైవకార్యమైపోయింది.

ఇక నా ఘనకార్యం. నెల చివరి వారంలో నా పురుగుల రెక్కలు నిక్కబొడుచుకుని, నిద్ర లేచిన పిల్లాడి జుట్టులా కనిపించాయి. తలకి నూనె లేనిదే మా అమ్మ నన్ను ఏనాడూ గడప దాటనివ్వలేదు. ఆ పెంపకం ఊరుకుంటుందా? చిన్న సీసాలో కొబ్బరినూనె పట్టుకెళ్ళి, ఎవరూ చూడకుండా ప్రతి కుచ్చుకీ రాసి నున్నగా దువ్వి కట్టాను. వందకి వందా బడికెళ్ళే పిల్లల్లా తయారయ్యాయి. వాటిని చూసి నేనే మురిసిపోయాను.

పరీక్ష రోజు ఊ టున్ ఒకటి తీసి, అలవాటు ప్రకారం రెక్క పట్టి లాగాడు. కుచ్చు మొత్తం చేతిలోకి వచ్చేసింది. రెండోదీ అంతే. మూడోది నీళ్ళ బేసిన్‌లో వేస్తే, రెక్క కిందికి జారిపోయి, గాలం ఆకాశం వైపు చూపిస్తూ వెల్లకిలా తేలింది. అతను వేళ్ళు వాసన చూసుకుని "ఓన్‌సీ" అన్నాడు. బర్మా భాషలో కొబ్బరినూనె. ఎవరో కిసుక్కుమన్నారు. నాకు మాత్రం ఇంట్లో మిషను చప్పుడు చెవుల్లో వినిపించింది. నా భార్యకి ఏ ముఖంతో చెప్పాలో తెలియలేదు.

పార్సిల్ వెళ్ళేది మర్నాడు కదా, సాయంత్రం దాకా ఆగమని పిన్ని అతన్ని అడిగింది. తర్వాత నా వైపు తిరిగింది. చూడ్డానికి బాగుంటాయని రాశానన్నాను.

"ఎవుడి కంటికిరా బాగుండాల? నీకా, సేపకా?"

వెంట్రుకకి నూనె తగిలితే దారం కింద నిలవదని, విచ్చుకోదని అప్పుడు చెప్పింది. నా తల నిండా నూనె ఉంటే చేతులు ఎన్నిసార్లు కడిగినా ఒకటేనట. బజారు నుంచి తయో కిన్‌పూన్ సంచి తెప్పించింది. బర్మావాళ్ళు తలంటుకునే బెరడూ శీకాయల నురగ అది. పెరట్లో కుళాయి దగ్గర పీట మీద నన్ను కూర్చోబెట్టి, తనే నా తల రుద్దింది. నిండు బస్సుని ఒక్క కేకతో వెనక్కి జరిపినవాడిని, కళ్ళు మూసుకుని గుడ్లనీళ్ళతో కూర్చున్నాను. కిటికీ నిండా ఆడపిల్లలు. మిగిలిన నురగతో మోచేతుల దాకా కడుక్కోమంది.

ఆ తర్వాత వందా బ్లేడుతో కోసి గాలాలు వేరుచేశాం. పక్కపక్కన కూర్చుని మళ్ళీ కట్టాం. నేను ఒకటి కట్టేలోగా ఆవిడ మూడు కట్టేది. చీకటి పడే వేళకి ఊ టున్ వచ్చి లాగి చూశాడు. రెక్క కదల్లేదు. బేసిన్‌లో వేశాడు. కాడిస్ దర్జాగా కూర్చుంది. అతను వందనీ పార్సిల్ డబ్బాలోకి ఒంపుకుని వెళ్ళిపోయాడు. పిన్ని కత్తెర డబ్బాలో పెట్టుకుంటూ నాకేసి చూడకుండానే అంది.

"రేపు నూనె రాసుకొచ్చీవంటే గేటు కాడే ఆపేస్తాను."

రేపు అన్నది కదా, నాకు ఆ ఒక్క ముక్కే వినబడింది. నాకు ఉద్యోగం ఇచ్చింది ఊ టున్ కాదు, ఆవిడ. ఇది నేను ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే నవ్వేది.

ఆ తర్వాత పదకొండేళ్ళు నేను తలకి నూనె రాయలేదు. పోయిన వానాకాలం ఆవిడ పదో రోజుకి తన్లిన్‌లోని వాళ్ళింటికి వెళ్ళాను. కొడుకులు గుండ్లు చేయించుకున్నారు. మైలలో నూనె ముట్టని అయినవాళ్ళు వరుసగా కూర్చుంటే, ఒక పెద్దాయన ఒక్కొక్కరి అరచేతిలో నూనె పోస్తున్నాడు. నేను దూరంగా గోడ పక్కన నిలబడ్డాను. ఆయన నా ఎండిపోయిన జుట్టు చూసి దగ్గరికి పిలిచాడు.

"ఇంతమందిలో నీకే ఎక్కువ బాధున్నట్టుంది బాబూ. ఆవిడికి ఏటవుతావు?"

చెయ్యి చాపాను. ఆయన నూనె పోశాడు, తలకి రాసుకున్నాను.

మర్నాడు పొద్దున మూడుసార్లు తల రుద్దుకుని పనికి వెళ్ళాను. షెడ్డు గేటు దగ్గర కాసేపు నిలబడ్డాను. ఎవరూ ఆపలేదు.