నా మొదటి సినిమాలో ఏడుపు సీను

నా చిన్నప్పుడు అమెరికాలో మేముండే ఫ్రీమాంట్‌లో తెలుగువాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే ఉండేవారు. వాళ్ళలో మా వీధి చివరింటి అంకుల్‌కి సినిమా పిచ్చి. వారమంతా ఇంజనీరు, శనాదివారాలు డైరెక్టరు. భుజానికెత్తుకునే పెద్ద వీడియో కెమెరా ఉండేది ఆయన దగ్గర. అందులోంచి నన్ను చూడనిచ్చి, మనిషిని ఎక్కడ నిలబెట్టాలో, ఎప్పుడు కట్ చెప్పాలో నేర్పింది ఆయనే. ఈ రోజు నేను సినిమాలు రాసి, తీసి బతుకుతున్నానంటే ఆ పుణ్యం ఆయనదే. అందుకే ఆయన్ని మనసారా తిట్టుకోను కూడా లేను.

ఉగాది ఫంక్షన్‌లో వేయడానికి ఆయనొక చిన్న సినిమా తలపెట్టారు. కుక్కపిల్ల తప్పిపోయిన పాప వేషం నాది. డైలాగులన్నీ గడగడా చెప్పేశాను గానీ ఏడుపు రాలేదు. కళ్ళ దగ్గర ఉల్లిపాయ పెట్టి చూశారు. తుమ్ములొచ్చాయి, కన్నీళ్ళు రాలేదు. అప్పుడు అంకుల్ మా అమ్మని పక్కకి పిలిచి ఏదో మాట్లాడి, వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"మీ అమ్మమ్మ ఇండియా వెళ్ళిపోయింది కన్నా. ఇందాకే ఫ్లైట్ ఎక్కింది. నువ్వు ఏడుస్తావని చెప్పలేదు."

విజిటర్ వీసా మీద వచ్చిన మా అమ్మమ్మ అప్పుడు నా లోకం. రాత్రిళ్ళు నా పక్కలోనే పడుకునేది. నా తెలుగంతా ఆవిడ పెట్టిన భిక్షే. నేను అమ్మ వంక చూశాను. అబద్ధమైతే అమ్మ చెబుతుంది కదా అని. అమ్మ తల దించుకుంది. ఇక నా ఏడుపుకి అడ్డే లేకపోయింది. కెమెరా మీద ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. కట్ చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ కూడా కొట్టింది.

పరిగెత్తుకుంటూ ఇంటికొస్తే అమ్మమ్మ పెరట్లో కుర్చీ వేసుకుని, బల్ల మీద పరిచిన పాత దుప్పటి నిండా వడియాలు పెడుతోంది. సంగతి విని, "పసిదాన్ని ఏడిపించి ముచ్చట తీర్చుకుంటారటే!" అని అమ్మని దులిపేసింది. సీను బాగా వచ్చిందని అమ్మ నవ్వేసింది. అంకుల్ సంగతి సరే, ఆయనకి సినిమా కావాలి. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

ఉగాది ఇంకా వారం ఉందనగా, తాతయ్యకి ఒంట్లో బాగాలేదని ఇండియా నుంచి ఫోనొచ్చింది. నేను ఎదురింటివాళ్ళ మేడ మీద ఆడుకుంటున్నాను. అమ్మ వచ్చి కింద నుంచి కేకేసింది.

"అమ్మమ్మ వెళ్ళిపోతోందే, నిజంగా! ఒక్కసారి కిందకి రా!"

"మళ్ళీ షూటింగా?" అని నవ్వి, పైగది తలుపు గడియ పెట్టుకున్నాను. అమ్మ వచ్చి తలుపు బాదినా తియ్యలేదు. కిటికీలోంచి చూస్తే నాన్న కారులో కూర్చుని హారన్ కొడుతున్నాడు. మోకాళ్ళ నొప్పులతో దిగలేని అమ్మమ్మ, వెనక సీట్లోంచి నా కిటికీ వైపు చెయ్యి ఊపుతోంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. అమ్మమ్మని కూడా కలుపుకున్నారన్నమాట, ఎంత బాగా యాక్ట్ చేస్తోందో అనుకున్నాను. కెమెరా ఎక్కడ దాచారా అని వీధంతా వెతికాను. ఈలోపు కారు మలుపు తిరిగిపోయింది.

అమ్మమ్మ మళ్ళీ అమెరికా రాలేదు. నేను కాలేజీలో చేరకముందే పోయింది. ఆ ఉగాదినాడు తెర మీద నా ఏడుపు చూసి హాలంతా కళ్ళు తుడుచుకుంది. అమ్మ ఇప్పటికీ ఇంటికొచ్చిన చుట్టాలకి ఆ వీడియో వేసి చూపిస్తుంది. నేను లేచి వంటింట్లోకి పోతాను.

మొన్న నా షూటింగ్‌లో ఒక చిన్నపాపకి ఏడుపు రాలేదు. వాళ్ళమ్మ వదిలేసి వెళ్ళిపోయిందని చెబితే రెండు నిమిషాల పని అన్నాడు ప్రొడ్యూసర్. పక్కనే ఉన్న ఆ తల్లి కూడా సరేనంది. నేను కెమెరాని వెనక్కి జరిపించి, పాప వీపు మాత్రం తీశాను. సీను తేలిపోయిందని ఎడిటింగ్ రూంలో అందరూ అన్నారు. నిజమే, తేలిపోయింది. పోతే పోనీ. రేపెప్పుడైనా వాళ్ళమ్మ నిజంగానే కింద నుంచి కేకేస్తే, ఆ పిల్ల నమ్మి మెట్లు దిగి పరిగెత్తాలి.