బాగుందన్న మాట

తోటి ఉద్యోగిని లుబానా గీసిన బొమ్మను రుదైనా పాడుచేసిందని జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లోని మా వీధిలో పుకారు. అబద్ధం. ఆమె దాన్ని వేలితో కూడా తాకలేదు. వార్తల వెబ్‌సైటుకు అంకెల్ని బొమ్మలుగా మార్చడం రుదైనా పని. కుళాయి ఎన్ని గంటలు వచ్చిందో ఇంటింటికీ తిరిగి అడుగుతుంది, చెవి వెనకున్న పెన్సిలు తీసి ముందు కాగితం మీదే గీసుకుంటుంది. అయితే, తన బొమ్మకంటే ముందు లుబానా బొమ్మకు ఎన్ని మెచ్చుకోళ్లు పడ్డాయో చూస్తుంది. ఆ చూపులో చేతిలోని టీ చల్లారిపోతుంది.

ఈ వేసవిలో వారంవారం నీళ్లు తగ్గిపోవడాన్ని లుబానా ఎడమ నుంచి కుడికి గీసింది. కింద తేదీలు చీమలంత. అరబీని కుడి నుంచి చదివే వీధి కదా, గీత పైకి పోతోందని, నీళ్లు పెరుగుతున్నాయని సంబరపడింది. ముసలాయన అబూ మిస్బాహ్ నీళ్ల ట్యాంకరు వద్దనేసి, వారమంతా డాబా మీది ఎండిన ట్యాంకును తట్టి చూసుకున్నాడు.

పొరుగింటి ఉమ్ నిదాల్ ఆగలేక రుదైనాని గుమ్మంలోనే నిలదీసింది. "ఏమే పిల్లా, బొమ్మ బయటికి రాకముందు ఆ తప్పు నీ కంట పడలేదా?"

రుదైనా పెన్సిలు చెవి వెనక్కి తోసుకుంది.

"పడింది ఖాలా. ఎలా ఉందక్కా అని లుబానా నన్నే అడిగింది. బాగుందన్నాను."