ఖంగున మోగిన మట్టి

మా మామ ఇటుకను కంటితో కాదు, చెవితో చూసేవాడు. జీవితమంతా ఇటుకల బట్టీ మంట ముందే గడిపిన మనిషి. రెండు ఇటుకలు తీసి ఒకదానితో ఒకటి కొట్టేవాడు. ఖంగున మోగితే కాలినట్టు, మొద్దుగా పలికితే పచ్చిదన్నట్టు. బట్టీలో అందరూ ఆయన్ని ఖంగుమామ అనేవారు. అల్లుణ్ణి గనక నేనూ అనేవాణ్ణి, కాస్త గట్టిగానే.

బట్టీ మూతపడ్డాక ఆయన్ని మా రోడ్ల కంపెనీలో కొలిమి పనికి పెట్టించాను. నాది అక్కడే మట్టి పరీక్షల ల్యాబులో పని. మెత్తటి నేల మీద రోడ్డు కుంగకుండా మావాళ్ళు బంకమట్టిని కాల్చి, పొడి చేసి, సున్నంతో పాటు ఆ నేలలో కలిపి రోలరుతో తొక్కిస్తారు. కొన్ని వారాలు తడి ఆరనివ్వకపోతే నేల రాయిలా బిగుస్తుంది. కిటుకంతా కాల్చడంలోనే ఉంది. కొలిమి వేడి చూపే మీటరు ముల్లు ఏడొందల డిగ్రీల దగ్గర ఆగాలి. మరీ దాటిపోయి మట్టి ఇటుకగా మారిందా, చచ్చినట్టే. ఇక అది సున్నంతో కలిసి బిగుసుకోదు.

ఈ సంగతి మామకు మింగుడు పడేది కాదు.

"సగం కాలిన మట్టి ఏం మట్టి అల్లుడూ? అన్నం ఉడక్కముందే దించేసినట్టుంది. పోనీలే, వాళ్ళ రోడ్డు, వాళ్ళ ఇష్టం" అని గొణిగేవాడు. గొణుగుతూనే ముల్లు చెప్పినట్టు చేసేవాడు. రోడ్లు బాగానే నిలిచాయి.

అప్పటికే అత్తయ్యకు నడుము కింద చచ్చుబడిపోయింది. అద్దె గదికి మేడమెట్లెక్కాలి. మంచం మీది మనిషిని ఎన్నాళ్ళని మోస్తాం? మాకున్నది ఒక్కటే స్థలం, పాత మట్టిగుంటను పూడ్చిన చోటు. అక్కడ ఒకసారి గది వేస్తే కుంగి కూలింది. ఆ నేల గట్టిపడితేనే అత్తయ్యకు ఇల్లు, లేదంటే లేదు.

సెలవు రోజున ఒక వాయి కాల్చుకోమని ఇంజినీరు ఒప్పుకున్నాడు. నేను సున్నం తేవడానికి వెళ్ళాను. వచ్చేసరికి మామ మట్టి కాల్చడమే కాదు, పొడి కూడా చేసి గోతాల్లో నింపేశాడు. అందరం కలిసి నేలలో కలిపి, దిమ్మిసతో కొట్టి, తడి సంచులు పరిచాం. వానలు ముంచుకొస్తున్నాయని గోడలు త్వరగా లేపేశాం. అత్తయ్య మంచం లోపలికి చేరింది.

ఏ పనికైనా ఆ మట్టితో కొన్ని ముద్దలు చేసి ల్యాబులో దాచడం మా అలవాటు. బిగిసే గడువయ్యాక మా ఇంటి ముద్దను నీళ్ళ గిన్నెలో వేశాను. కంపెనీ ముద్దలు నెలలైనా అందులో చెక్కుచెదరవు. మాది నేను టీ తాగేలోపే బురదైపోయింది.

"మామా, ఆ రోజు ముల్లు ఎక్కడ ఆపావు?"

ఆయన నవ్వాడు. "ఆపుతానా? మీ అత్త పడుకునే చోటయ్యా! కంపెనీ మట్టిలా సగంలో వదిలేస్తానా? ముక్క తీసి కొట్టి చూశా. ఖంగుమంది."

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. నాకు ఒళ్ళు మండిపోయింది. గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆ బురదను వేళ్ళతో కెలుకుతూ కూర్చున్నాడు.

"మళ్ళీ కాల్చి కలపకూడదా?"

"ఇల్లు పడగొట్టి కలపాలి. ఇంకోటి కట్టే తాహతు మనకుందా?"

"మీ అత్తకు చెప్పకు" అన్నాడు. ఆ మాటకు నా కోపమంతా చల్లారిపోయింది, ఏడుపొచ్చింది.

మొదటి వానకే తలుపు బిగుసుకుంది. "చెక్క ఉబ్బిందే" అంటూ మామ చిత్రిక పట్టాడు. తర్వాతి వానకూ పట్టాడు. గోడ పగుళ్ళలో సున్నం కూరుతూ పాటలు పాడేవాడు, ఆమెకు అనుమానం రాకూడదని.

మొన్న ఆయన బయటికెళ్ళినప్పుడు అత్తయ్య నన్ను పిలిచింది.

"అల్లుడూ, మంచం ఆ గోడ పక్కనుంచి ఇటు లాగు. మీ మామ అడిగితే, గాలి రావట్లేదందని చెప్పు."

నేను వంగి మంచం కోడు పట్టుకున్నాను.

"ఇటుకలు కాల్చేవాడి పెళ్ళాన్ని, నాకు తెలీదా? కంపెనీ మట్టి కంటే బాగా కాల్చానని ఆ రోజెంత మురిసిపోయాడో! ఆయన్నేమీ అనకు నాయనా."

మంచం లాగాను. లాగుతుంటే కనిపించింది, ఇటు గోడ కూడా పగిలింది. ఎటు జరపాలో తెలియక మంచాన్ని నడిగదిలో వదిలేశాను.