రెబ్కా తుమ్ము

ముందు తుమ్ము వినిపించింది. సత్తెనపల్లి మిర్చి కొట్ల వీధిలో, బ్యాంకు అద్దాలు అదిరేలా. లోను కాగితం మీద సంతకం పెట్టబోతున్న రైతు వెంకయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఒంటి తుమ్మండీ! కాసేపు కూర్చుంటా," అంటూ పెన్ను కింద పెట్టి మంచినీళ్లు అడిగాడు.

అప్పుడు బీరువా పక్కనుంచి చీపురుతో రెబ్కా లేచింది. కళ్లలో నీళ్లు, ఆ నీళ్ల వెనక నవ్వు.

"ఆగండి పెద్దాయనా, రెండోది వస్తంది. జంట తుమ్ము మంచిదేగా?" అంటూ ముక్కు ఎగబీల్చింది. రెండోది రాలేదు.

ఆ బ్యాంకును చాలా ఏళ్లుగా ఊడుస్తున్నది రెబ్కాయే. మాఘం దాటితే రైతుల పంచెల అంచుల మీద, చెప్పుల కింద ఎర్రటి మిరప ధూళి లోపలికి వచ్చేస్తుంది, సూర్యుణ్ణి ఎవరో రోట్లో దంచి గాలికి వదిలినట్టు. ఆదివారం చర్చిలో ఆమె తుమ్మితే పాట ఆగదు. ఇక్కడ మాత్రం లోన్లు ఆగిపోతాయి.

మేనేజరు శివరామకృష్ణ చెడ్డవాడు కాదు. గొడవంటే భయం, అంతే.

"కస్టమర్లున్నంతసేపు వెనక వరండాలో కూర్చో అమ్మా. మళ్లీ ఎవరైనా ఏమైనా అంటే వేరే మనిషిని చూసుకోవాలి," అన్నాడు.

ఆ వరండాకి పైన రేకులు, ఎదురుగా మిరపకాయలు ఆరబోసిన కళ్లం. ఈ పని పోతే మిరప కోతలకు పోవాలి. ఇంట్లో చెప్పుకోలేక రెబ్కా అక్కడే కూర్చుంది.

ఆ ఏప్రిల్‌లో హెడ్డాఫీసు నుంచి హారిక అనే ఆఫీసరు వచ్చింది. బ్యాంకు తన దగ్గర పనిచేసేవాళ్లను ఎలా చూస్తోంది, ఎవరి హక్కులకు ఎక్కడ దెబ్బ తగిలే ప్రమాదముంది అని చూడటం ఆమె పని.

"అలాంటివేం లేవు మేడం. అందరం ఒక కుటుంబంలా ఉంటాం," అన్నాడు మేనేజరు.

సరేనని హారిక బ్యాగు తగిలించుకుంది. గడప మీద కాలు పెట్టిందో లేదో, వెనకనుంచి తుమ్ము. గబుక్కున వెనక్కి వచ్చి కూర్చుంది. మరుక్షణం తనకే నవ్వొచ్చింది.

"మా అమ్మమ్మ అలవాటు చేసింది లెండి. ఇంతకీ ఆ తుమ్మిందెవరు? మీ కుటుంబమేనా?"

వెళ్లి చూస్తే, వరండాలో రెబ్కా చెమటతో తడిసి ముద్దయి ఉంది.

"ఇక్కడ మీకేమైనా ప్రమాదముందాండీ?" అడిగింది హారిక.

"నాకేం లేదండీ. నా తుమ్ముకే ఉంది. దాని ఉద్యోగం పోయేట్టుంది!"

హారిక పకపకా నవ్వి, మేనేజరు వైపు తిరిగేసరికి నవ్వు ఆపేసింది.

"రైతులకు పట్టింపు మేడం..." నసిగాడాయన.

"శకునం వాళ్లిష్టమండీ. ఈవిడ్ని ఈ రేకుల వేడిలో కూర్చోబెట్టింది మనం. ధూళి లోపలికి రాకుండా గుమ్మంలో తడి గోనెపట్టా వేయించండి. ముక్కుకి గుడ్డ ఇవ్వండి. ఈవిడ కుర్చీ లోపలే ఉండాలి. తుమ్మిందని ఎవర్నీ పనిలోంచి తీయకూడదు. ఆ మాట రాసిచ్చి వెళ్తాను."

ఆ సాయంత్రమే కుర్చీ లోపలికొచ్చింది. తుమ్ములు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు.

"ఏమే రెబ్కా, ఇయ్యాళ తుమ్మలేదే?" అని వెంకయ్య ఆటపట్టిస్తే, "మీ సంతకం కోసం దాచా పెద్దాయనా!" అనేది.

ఈ కథ రాద్దామని, చాలా ఏళ్ల తర్వాత నేనే వెళ్లి రెబ్కాను కలిశాను. సెలవు తీసుకుంటూ, ఆ వరండా ఇంకా ఉందా అని అడిగాను.

"ఉందండీ. దాని ముందు కళ్లంలో వడియాలు ఎండబెట్టుకోడానికి పోతుంటా. పొమ్మనేవాళ్లు ఎవరూ లేరు, నేనే పోతా."